పడతాడా? కనపడతాడా?

పెళ్ళయి ఇరవయ్యేళ్ళు దాటాక, పిల్లల పలకలు అటకెక్కాక, మళ్ళీ నేనే కూర్చుని ఓనమాలు దిద్దాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఇంగ్లీషంటేనే గుండె దడ. అలాంటిదాన్ని ఇవాళ డచ్ భాషలో కూరగాయలు కొంటున్నాను, డాక్టరుగారి ఆఫీసుకి నేనే ఫోన్ చేసి టైము అడుగుతున్నాను అంటే మా పుట్టింటివాళ్ళు ఇప్పటికీ నమ్మరు. "నువ్వా! డచ్చా!" అని మా వదిన నోరు నొక్కుకుంటుంది. ఇదంతా ఒక్క చిన్న మాట వల్ల జరిగింది. ఆ మాట సరిగ్గా వినకపోవడం వల్ల ఒక రాత్రంతా నిద్ర లేకుండా ఏడ్చాను. పిల్లల కోసం పరాయి దేశం వెళ్ళే అక్కచెల్లెళ్ళకి ఎవరికైనా పనికొస్తుందేమోనని ఆ కథ రాస్తున్నాను.

మాది పాలకొల్లు. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలోనే మచిలీపట్నం, భీముని పట్నంతో పాటు మా ఊళ్ళో కూడా మకాం వేసి గుడ్డల వ్యాపారం చేశారని చిన్నప్పుడు విన్నాను. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు మా ఊరొచ్చిన ఇన్ని వందల ఏళ్ళకి మేం వాళ్ళ ఊరు చేరాం. మావారి ఉద్యోగరీత్యా నెదర్లాండ్స్ వచ్చి మూడేళ్ళవుతోంది. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుకని హైదరాబాదులోనే ఉండిపోయింది. లేకలేక పుట్టిన మా చిన్నాణ్ణి వెంటపెట్టుకుని వచ్చాం. ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఆమ్‌స్టెల్‌వీన్ అనే ఊళ్ళో ఉంటున్నాం. మనవాళ్ళు బాగానే ఉన్నారు. కందిపప్పుకీ కరివేపాకుకీ లోటు లేదు.

"ఇక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు. నీకు డచ్ ఎందుకు?" అన్నారు మావారు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి ఆ మాట నిజమే. నాబోటిదానికి రెండూ ఒకటే కదా! అందుకని ఊరి లైబ్రరీలో వారానికోసారి ఆడవాళ్ళు కూర్చుని డచ్ మాట్లాడుకుంటుంటే నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని. నాలుగు ముక్కలు వచ్చాయి. ఆ నాలుగు ముక్కలే నా కొంప ముంచాయి.

ఆ పది నిమిషాలు

ఇక్కడి బడుల్లో ఏడాదికి రెండు మూడు సార్లు టీచరు తల్లిదండ్రుల్ని పిలిచి పిల్లవాడి గురించి పది నిమిషాలు మాట్లాడుతుంది. దాని పేరే 'పది నిమిషాల మాట'. పోయినేడాది అది జరిగిన రోజు మావారు క్యాంపులో ఉన్నారు. నేనొక్కదాన్నే వెళ్ళాను. వెళ్ళినదాన్ని ఊరుకోకుండా, "నాకు కొంచెం డచ్ వచ్చు" అని గొప్పగా చెప్పాను. టీచరమ్మ మొహం వెలిగిపోయింది. పాపం, నాకోసం ఒక్కో మాటా నిదానంగా పలుకుతూ డచ్‌లోనే చెప్పింది.

నా చెవిన పడ్డవి మూడే మాటలు. 'జోన్' అంటే కొడుకు. 'క్లస్' అంటే క్లాసు. 'వల్ట్' అంటే పడతాడు. అంతే! నా గుండె జారిపోయింది. మా పిల్లాడు క్లాసులో పడిపోతున్నాడా? ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నేను తలూపాను. థాంక్యూ చెప్పి బయటికొచ్చేశాను. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గు.

ఇంటికి రాగానే వాడి మోకాళ్ళు చూశాను, మోచేతులు చూశాను. తలమీద బొప్పి ఉందేమోనని తడిమాను. ఏమీ లేదు. "స్కూల్లో కళ్ళు తిరుగుతున్నాయా నాన్నా?" అంటే వాడు వింతగా చూసి "లేదు" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. మా చిన్నప్పుడు మా మేనత్తగారబ్బాయికి ఫిట్స్ వచ్చి ఇలాగే బడిలో పడిపోయేవాడు. అదే గుర్తొచ్చింది. ఆ రాత్రి వాడి పక్కన కూర్చుని, వాడి ఊపిరి లెక్కపెడుతూ తెల్లవార్లూ గడిపాను.

పొద్దున్నే పక్కింటి మామ్మగారి తలుపు కొట్టాను. పేరు పెట్టి పిలవమంటుంది గానీ నాకు నోరు రాదు. మనసులో మామ్మగారనే పిలుచుకుంటాను. డెబ్బై దాటిన మనిషి. నర్సుగా చేసి రిటైరయింది. నాకొచ్చిన మూడు మాటలూ చెప్పి, పిల్లాడు పడిపోయినట్టు అభినయం కూడా చేసి చూపించాను. ఆవిడ కాసేపు ఆలోచించి ఇలా అడిగింది:

"వల్ట్ హెయ్, ఒఫ్ వల్ట్ హెయ్ ఒప్?"

అంటే, "వాడు పడతాడా, లేక కనపడతాడా?" అని!

అప్పుడు గుర్తొచ్చింది. టీచరమ్మ మాట చివర 'ఒప్' అని చిన్న శబ్దం వినపడింది. ఏదో ఊతపదం అనుకుని వదిలేశాను. అసలు అర్థమంతా ఆ తోకలోనే ఉంది.

మామ్మగారే నన్ను వెంటబెట్టుకుని బడికి తీసుకెళ్ళింది. టీచరమ్మ తనన్న మాటని ఒక చీటీ మీద రాసిచ్చింది. ఆ చీటీ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. నేను డచ్ వ్యాకరణం నేర్చుకున్న పాఠ్యపుస్తకం అదొక్కటే అంటే అతిశయోక్తి కాదు. దానిమీద ఉన్నది ఇది:

"యూ జోన్ వల్ట్ ఇన్ దె క్లస్ ఎర్ఖ్ ఒప్, ఒమ్‌దత్ హెయ్ జో స్టిల్ ఇస్."

"మీ అబ్బాయి క్లాసులో బాగా కనపడిపోతున్నాడు, ఎందుకంటే అంత మౌనంగా ఉంటాడు కాబట్టి." పిల్లాడు పడిపోవడం లేదు. నోరు విప్పడం లేదు. నేను తలూపి వచ్చేసింది ఆ మాటకి!

తోక ఊడిన క్రియలు

ఇప్పుడు ఆ చీటీని మన వంటింటి భాషలో విడదీసి చెబుతాను.

డచ్‌లో 'వల్లెన్' అంటే పడడం. దానికి ముందు చిన్న ముక్క చేరిస్తే అర్థం పూర్తిగా మారిపోతుంది. 'ఒప్‌వల్లెన్' అంటే నలుగురిలో ప్రత్యేకంగా కనపడడం. 'అఫ్‌వల్లెన్' అంటే చిక్కిపోవడం, బరువు తగ్గడం. 'మేవల్లెన్' అంటే భయపడినంత కష్టంగా లేకపోవడం. 'తేఖెన్‌వల్లెన్' అంటే అనుకున్నంత బాగా లేకపోవడం.

ఇదేం వింత కాదు. మన 'పడు' మాత్రం తక్కువ తిన్నదా? కనపడు, నిలబడు, బయటపడు, బాగుపడు, సిగ్గుపడు, అలవాటుపడు. వీటిలో ఎవరు కిందపడ్డారు చెప్పండి? తెలుగు నేర్చుకునే తెల్లవాళ్ళు కూడా మనలాగే జుట్టు పీక్కుంటారు.

తేడా ఎక్కడంటే, మనం ఆ ముక్కని క్రియకి అంటించే ఉంచుతాం. డచ్‌వాళ్ళు మామూలు వాక్యంలో దాన్ని విరగ్గొట్టి, క్రియని వాక్యంలో రెండో చోట కూర్చోబెట్టి, ముక్కని తీసుకెళ్ళి చిట్టచివర పడేస్తారు. మనం అలా మాట్లాడితే ఎలా ఉంటుందో చూడండి: "మీ అబ్బాయి పడతాడు క్లాసులో బాగా... కన!" ఆ 'కన' వినకుండా లేచొచ్చేస్తే నా గతే పడుతుంది.

ఇంటి పనుల్లో సగం క్రియలు ఇలాంటివే. నేను రోజూ వాడేవి కొన్ని చెబుతాను.

'ఒప్‌హాలెన్' అంటే వెళ్ళి తీసుకురావడం. "మూడింటికి మా అబ్బాయిని తీసుకొస్తాను" అనాలంటే "ఇక్ హాల్ మెయ్న్ జోన్ ఒమ్ ద్రీ యూర్ ఒప్". 'హాల్' రెండో మాట, 'ఒప్' ఆఖరి మాట.

'స్ఖోన్‌మాకెన్' అంటే శుభ్రం చేయడం. "ఇక్ మాక్ దె కోకెన్ స్ఖోన్" అంటే వంటిల్లు శుభ్రం చేస్తాను. 'స్ఖోన్' దాకా వినకపోతే వంటిల్లు తయారు చేస్తున్నానని అర్థం వస్తుంది!

'ఆన్‌జెట్టెన్' అంటే స్విచ్చి వేయడం, 'అయిట్‌జెట్టెన్' అంటే ఆపడం. "జెట్ దె ఓవెన్..." అని వినగానే లేచి పరిగెత్తకూడదు. ఆఖర్న వచ్చేది 'ఆన్' అయితే వెలిగించాలి, 'అయిట్' అయితే ఆర్పాలి. ఆ 'అయిట్' శబ్దం మన తెలుగులో లేదు. మూతి గుండ్రంగా చుట్టి పలకాలి. మా చిన్నాడు నాచేత అద్దం ముందు పలికించాడు.

కిటికీని వాళ్ళు 'రామ్' అంటారు. "దూ హెట్ రామ్ ఓపెన్" అంటే కిటికీ తెరువు. "దూ హెట్ రామ్ దిఖ్ట్" అంటే మూసెయ్యి. రాముడు మధ్యలో ఉన్నాడు, తెరవాలో మూయాలో చివరి మాట చెబుతుంది.

'తెరుఖ్‌బెల్లెన్' అంటే తిరిగి ఫోన్ చేయడం. డాక్టరుగారి ఆఫీసులో అమ్మాయి "సాయంత్రంలోగా మేమే మీకు ఫోన్ చేస్తాం" అని 'తెరుఖ్' పెట్టి చెబితే, నేను 'బెల్లెన్' ఒక్కటే విని, నన్నే చెయ్యమందనుకుని నాలుగుసార్లు చేశాను. ఆ పిల్ల ఓపికకి దణ్ణం పెట్టాలి.

ముక్క ఎప్పుడు అతుక్కునే ఉంటుంది?

ఎప్పుడూ విరగ్గొట్టరు. 'కావాలి', 'చెయ్యగలను', 'తప్పదు' లాంటి సాయం మాట ఉన్నప్పుడు, ఆ సాయం మాటే రెండో చోట కూర్చుంటుంది. అసలు క్రియ ముక్కతో సహా చివరికి వెళ్ళి కలిసే ఉంటుంది. "ఇక్ మూట్ మెయ్న్ జోన్ ఒప్‌హాలెన్." మా అబ్బాయిని తీసుకురావాలి.

జరిగిపోయిన పని చెప్పేటప్పుడు ఇంకో తమాషా. డచ్‌లో అప్పుడు క్రియకి 'ఖె' అనే శబ్దం చేరుతుంది. అది ముక్కకీ క్రియకీ నడుమ దూరుతుంది. పూరీలో కూర పెట్టి మడిచినట్టన్నమాట. 'స్ఖోన్‌మాకెన్' కాస్తా 'స్ఖోన్‌ఖెమాక్ట్' అవుతుంది. ఒకరోజు మామ్మగారు మెట్ల మీద నన్ను చూసి "బెంట్ యూ అఫ్‌ఖెవల్లెన్?" అంది. నేను పడిపోబోతున్నానేమోనని గభాలున మెట్ల పక్క కమ్మీ పట్టుకున్నాను. ఆవిడ అడిగింది "మీరు చిక్కిపోయారా?" అని! ఆ మాట ముందే అర్థమయి ఉంటే ఎంత సంతోషించేదాన్నో.

ముందు ముక్క ఉన్నవన్నీ విడిపోతాయని కూడా అనుకోకూడదు. బె, వెర్, ఒంట్, హెర్ లాంటి ముక్కలు మెట్టెలలాంటివి, ఊడి రావు. 'బెటాలెన్' అంటే డబ్బు కట్టడం, 'వెర్‌ఖేటెన్' అంటే మర్చిపోవడం. ఇవి ఏ వాక్యంలోనైనా కలిసే ఉంటాయి, జరిగిపోయిన పనికి 'ఖె' కూడా చేర్చుకోవు. గుర్తుపట్టడానికి ఒక కిటుకు మామ్మగారు చెప్పింది. పలికేటప్పుడు బరువు ముందు ముక్క మీద పడితే అది విడిపోయే రకం. బరువు వెనక క్రియ మీద పడితే విడిపోని రకం. ఒకే మాట రెండు రకాలుగా కూడా ఉంటుంది. 'ఒందర్‌ఖాన్' అనే మాటలో బరువు ముందుంటే పొద్దు కుంకడం. అప్పుడు ముక్క విడిపోయి "దె జోన్ ఖాట్ ఒందర్" అవుతుంది. (ఈ 'జోన్' సూర్యుడు. 'ఓ' పొట్టిగా పలకాలి. పొడుగ్గా పలికితే కొడుకు అస్తమిస్తాడు, జాగ్రత్త!) బరువు వెనకుంటే అదే మాటకి ఆపరేషన్ లాంటిది చేయించుకోవడం అని అర్థం, అప్పుడు విడిపోదు.

'ఎందుకంటే' వచ్చిందంటే...

చీటీలో రెండో సగం "ఒమ్‌దత్ హెయ్ జో స్టిల్ ఇస్". మాటకి మాట తెలుగులో పెడితే "ఎందుకంటే వాడు అంత మౌనంగా ఉన్నాడు". ఇక్కడ క్రియ చివర్లో ఉంది చూశారా, అచ్చం మనలాగే! ఎందుకంటే, అయితే, అని లాంటి మాటలతో మొదలయ్యే సగంలో డచ్ క్రియ రెండో చోటు వదిలేసి చివరికి వెళ్ళిపోతుంది. విడిపోయిన ముక్క కూడా అక్కడ మళ్ళీ వచ్చి కలుస్తుంది. "ఒమ్‌దత్ ఇక్ మెయ్న్ జోన్ ఒప్‌హాల్." ఎందుకంటే నేను మా అబ్బాయిని తీసుకొస్తాను.

లైబ్రరీలో ఇంగ్లీషు బాగా వచ్చిన అమ్మాయిలు ఇక్కడ తడబడేవాళ్ళు. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది కదా, వాళ్ళకి ఆ అలవాటు పోదు. నాకు మాత్రం సుళువుగా వచ్చింది. మనం పుట్టినప్పటినుంచీ క్రియ చివర్లో పెట్టి మాట్లాడేవాళ్ళమే. ఇంటర్ చదువుతో నేను వాళ్ళకన్నా ముందున్న చోటు అదొక్కటే. ఆ రోజు ఇంటికొచ్చి పాయసం చేశాను!

కాబట్టి నేను పట్టుకున్న సూత్రం ఇది: డచ్ మాట వినేటప్పుడు వాక్యం అయిపోయేదాకా ఏ అర్థానికీ రాకూడదు. సగం విని జవాబు చెప్పే అలవాటు మన ఇళ్ళల్లో ఎక్కువే. ఆ అలవాటుతో డచ్ రాదు.

మౌనంగా ఉన్న పిల్లాడూ, విశేషణాలూ

ఇక 'స్టిల్' అనే మాట చూద్దాం. మౌనంగా ఉండే అని అర్థం. తెలుగులో మంచి అబ్బాయి, మంచి బల్ల, మంచి పిల్లలు... 'మంచి' మారదు. డచ్‌లో మారుతుంది. వెనకాల 'ఎ' అని చిన్న తోక వస్తుంది. ఎప్పుడొస్తుంది, ఎప్పుడు రాదు అన్నదే తలనొప్పి.

ముందుగా ఒక సంగతి తెలియాలి. డచ్‌లో ప్రతి వస్తువూ 'దె' జట్టు గానీ 'హెట్' జట్టు గానీ అయి ఉంటుంది. ఎక్కువ వస్తువులు దె జట్టే. అబ్బాయి (యోంగెన్) దె జట్టు, బిడ్డ (కింట్) హెట్ జట్టు. చిన్నది, ముద్దుది అని చెప్పడానికి చివర 'యె' చేర్చిన మాటలన్నీ హెట్ జట్టే. ఆడపిల్ల అనే 'మెయ్‌స్యె' కూడా అందుకే హెట్ జట్టులో చేరింది. ఆడపిల్లని వస్తువుల జట్టులో కలిపేశారేమిటని మొదట కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే మనమూ అంతే కదా! "అమ్మాయి వచ్చింది", "బస్సు వచ్చింది". ఎవర్నంటాం?

ఇప్పుడు చూడండి:

దె స్టిల్లె యోంగెన్ - ఆ మౌనంగా ఉండే అబ్బాయి
ఎన్ స్టిల్లె యోంగెన్ - మౌనంగా ఉండే ఒక అబ్బాయి
హెట్ స్టిల్లె కింట్ - ఆ మౌనంగా ఉండే బిడ్డ
ఎన్ స్టిల్ కింట్ - మౌనంగా ఉండే ఒక బిడ్డ
స్టిల్లె కిందెరెన్ - మౌనంగా ఉండే పిల్లలు

తోక లేనిది నాలుగోది ఒక్కటే! హెట్ జట్టు మాట, ఒక్కటే అయి ఉండి, ముందు 'ఎన్' (ఒక) ఉన్నా, 'ఖేన్' (లేదు, కాదు) ఉన్నా, అసలేమీ లేకపోయినా తోక రాదు. మిగతా అన్నిచోట్లా వస్తుంది. ఇక వస్తువుకి ముందు కాకుండా 'ఇస్' పక్కన చెబితే ఏ జట్టుకైనా తోక ఉండదు. "దె యోంగెన్ ఇస్ స్టిల్." టీచరమ్మ చీటీలో 'స్టిల్' అలా ఒంటరిగా ఉన్నది అందుకే.

ఇది పుస్తకంలో చదివితే నాకు బుర్రకెక్కలేదు. బజారులో ఎక్కింది. సూపర్‌మార్కెట్‌లో ప్రతి డబ్బా మీదా, సీసా మీదా విశేషణమే కదా! రొట్టె (బ్రోట్) హెట్ జట్టు, అందుకని తాజా రొట్టె 'వెర్స్ బ్రోట్'. పాలు (మెల్క్) దె జట్టు, అందుకని తాజా పాలు 'వెర్సె మెల్క్'. చన్నీళ్ళు 'కౌట్ వాటర్', చల్లని పాలు 'కౌదె మెల్క్'. తెల్ల రొట్టె 'విట్ బ్రోట్', తెల్ల బియ్యం 'విట్టె రెయ్స్ట్'. బాగా మాగబెట్టిన జున్ను 'ఔదె కాస్', అంటే ముసలి జున్ను. ఆరు నెలలు సంచీ పట్టుకుని ఆ అరల మధ్య తిరిగితే జట్లు వాటంతటవే నోటికొచ్చాయి. తోక ఉంటే దె జట్టు, లేకపోతే హెట్ జట్టు!

వస్తువు దేనితో చేసిందో చెప్పే మాటలకి మాత్రం ఈ బాధ లేదు. 'హౌటెన్ లేపెల్' అంటే చెక్క గరిటె. 'ఖౌదెన్ రింగ్' అంటే బంగారపు ఉంగరం. ఇలా 'ఎన్' తో ముగిసేవి ఎక్కడా మారవు. బంగారానికి ఎక్కడైనా విలువ మారదని నవ్వుకున్నాం.

రాసేటప్పుడు తోక చేరిస్తే మాట రూపం కొంచెం మారుతుంది. పెద్ద అనే 'ఖ్రోట్' లో 'ఓ' అక్షరం రెండుసార్లు రాస్తారు. 'ఖ్రోటె' అయ్యేసరికి ఒకటి తీసేస్తారు. 'విట్' లాంటి పొట్టి మాటకి తోక వస్తే చివరి హల్లు రెండుసార్లు రాయాలి, మనం 'విట్టె' అని ఒత్తు పెట్టినట్టే. ముద్దొచ్చే అనే 'లీఫ్' మారి 'లీవె' అవుతుంది.

మా ఇంటి బడి

మళ్ళీ మా చిన్నాడి దగ్గరికి వస్తాను. చీటీ తెచ్చిన రాత్రి వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, "క్లాసులో ఎందుకు మాట్లాడవు నాన్నా?" అని అడిగాను. చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు: "తప్పు మాట్లాడితే నవ్వుతారు. నువ్వు కూడా అందుకే మాట్లాడవు కదమ్మా?"

నాకేం చెప్పాలో తోచలేదు. వాడన్నది నిజం. వాడి ముందే షాపుల్లో వేలు పెట్టి చూపించి కొనుక్కొచ్చాను. ఫోన్ మోగితే వాడిచేతికిచ్చాను. అర్థం కాకపోయినా తలూపడం వాడు నా దగ్గరే నేర్చుకున్నాడు.

మర్నాటినుంచి ఒప్పందం పెట్టుకున్నాం. రోజూ సాయంత్రం పాలు తాగేటప్పుడు వాడు టీచరు, నేను పిల్ల. ఇంట్లో సామాన్లన్నిటికీ చీటీలు అంటించాం. దె జట్టుకి నీలం చీటీ, హెట్ జట్టుకి ఎర్ర చీటీ. విడిపోయే క్రియల్ని రెండు ముక్కలుగా కత్తిరించి బల్లమీద పరిచేవాడు. నేను జత కలిపి వాక్యం చెప్పాలి. తప్పు చెబితే వాడు పడీపడీ నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. తప్పు మాట్లాడితే ఏమవుతుందో వాడికి రోజూ కళ్ళెదుట కనపడేది. ఏమీ కాదు, అమ్మ మళ్ళీ చెబుతుంది. అంతే.

పరాయి భాష నేర్చుకునే సోదరీమణులకు నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. మాట ఒంటరిగా నేర్చుకోకండి, 'దె' నో 'హెట్' నో జోడించే నేర్చుకోండి. లేకపోతే తర్వాత విశేషణం దగ్గర కష్టపడాలి. క్రియని ముక్కతో సహా ఒకే మాటగా రాసుకుని, పక్కనే విడగొట్టిన వాక్యం ఒకటి రాసుకోండి. ఫోనులో అనువాదం చేసే యాప్ వాడేటప్పుడు ఒక్కో మాట వేయకండి, వాక్యం మొత్తం వేయండి. ఒక్క 'వల్ట్' వేస్తే అది కూడా నాలాగే 'పడతాడు' అంటుంది. అర్థం కానప్పుడు తలూపకండి. "మళ్ళీ చెప్పండి" అనడానికి "కంట్ యూ దత్ హెర్‌హాలెన్?" అంటే చాలు. ఎవరూ విసుక్కోరు. ఈ ఒక్క వాక్యం ముందే నేర్చుకుని ఉంటే నాకా రాత్రి జాగారం తప్పేది.

ఈ దేశంలో స్థిరపడాలన్నా, పౌరసత్వం కావాలన్నా మామూలుగా డచ్ పరీక్ష పాసవాలి. చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అన్నీ ఉంటాయి. నేనింకా రాయలేదు. రాయడంలో వెనకబడే ఉన్నాను. 'హెట్' అనాల్సిన చోట 'దె' అంటూనే ఉన్నాను. అయినా నా మాట జనానికి అర్థమవుతోంది.

ఈ ఏడాది పది నిమిషాల మాటకి మావారు ఊళ్ళోనే ఉన్నారు. "నేనొస్తానులే" అన్నారు. "మీరు కూర్చోండి, నేను మాట్లాడతాను" అన్నాను. టీచరమ్మ పోయినేడాది సంగతి గుర్తు పెట్టుకుంది. నావైపు చూసి నవ్వుతూ మొదలుపెట్టింది: "హెట్ వల్ట్ న్యూ ఎఖ్ట్..."

మళ్ళీ 'వల్ట్'! మావారు నా మొహం చూశారు. నేను కదల్లేదు, తలూపలేదు. తోక కోసం ఎదురు చూశాను.

"...మే" అంది.

ఇప్పుడు భయపడాల్సిందేమీ లేదట. మావాడు క్లాసులో చెయ్యెత్తి మాట్లాడుతున్నాడట. తప్పు చెప్పినా కూర్చోకుండా, మళ్ళీ చెబుతున్నాడట.